తాళం లేని నేతపలక

నన్ను ఎవరో దొంగిలించారని పోలీసులకు ఫిర్యాదు చేసింది నాకు తాళం వేసినవాళ్ళే. అక్కడినుంచే మొదలుపెట్టాలని ఉంది కానీ, పుట్టుక చెప్పకుండా గండం గురించి చెబితే మీరు నమ్మరు.

నేనొక ప్రోగ్రామ్‌ని. చేతికి తగలను, తూకానికి రాను, కింద పడితే చప్పుడు కూడా చేయను. కంప్యూటర్ చేయాల్సిన పనులను వరుసగా రాసిన కొన్ని వేల పంక్తులు, అదే నా ఒళ్ళు. నా పేరు నేతపలక. ఊరు ధర్మవరం. పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో స్పేస్ బార్ విరిగిన మూడో మెషీను మీద పుట్టాను.

నన్ను రాసింది నాగవేణి, ఆ ల్యాబులో అసిస్టెంటు. ఆమె తండ్రి ఓబులేసు ఊళ్ళో పేరున్న అట్టల మేస్త్రి. ఆ పని సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పట్టుచీర కొంగులో నెమలి రావాలంటే మగ్గం మీద జకార్డు పెట్టె ఉండాలి, దానికి చిల్లులు కొట్టిన అట్టల దండ వేలాడాలి. పేక పోగు ఒక్కసారి అటునుంచి ఇటు రావడానికి ఒక అట్ట. చిల్లు ఉన్నచోట కొక్కెం లేస్తుంది, పోగు కదులుతుంది, నెమలికి ఒక ఈక పుడుతుంది. అలా నాలుగు వందల అట్టలైతే ఒక నెమలి. ఒక్క చిల్లు తప్పితే మెడ వంకర.

నలభై ఏళ్ళు ఓబులేసు గళ్ళకాగితం చూస్తూ ఆ చిల్లులు చేత్తో కొట్టాడు. ఒక ఏడాది వరసగా మూడు నెమళ్ళకు మెడలు వంకరపోయాయి. కళ్ళల్లో శుక్లాలు. నేతగాళ్ళు ఏమీ అనలేదు. అనకుండానే వేరే మేస్త్రి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు.

"నేను చూస్తా, నువ్వు కొట్టు నాయనా" అంది నాగవేణి.

"ఏంటితో చూస్తావు? నీకు గళ్ళు లెక్కబెట్టడం వచ్చునా?"

"నాకు రాదు. మిషనుకు వచ్చు."

అప్పటికి మిషనుకీ రాదు. వచ్చేలా చేయడానికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. బొమ్మ ఇస్తే గళ్ళు కట్టి, ఏ అట్టలో ఎన్నో చిల్లు కొట్టాలో జాబితా తీసిచ్చే స్థితికి వచ్చాను. మొదటి జాబితాను ఆమె పైకి చదువుతుంటే ఓబులేసు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అంతా బాగుండాది. చివర్నుంచి రెండో అట్టలో మొదటి చిల్లు ఏది?"

"ఆడ బొమ్మేమీ లేదు కదా నాయనా."

"బొమ్మ కాదు పాపా. దిష్టి."

అది వాళ్ళ ఇంటి ఆచారం. చంటిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టు, అట్టల దండకు ఒక అక్కరలేని చిల్లు. ధర్మవరంలో మొదటి కొక్కేనికి పోగు కట్టరు కాబట్టి ఆ చిల్లు వల్ల చీరకు ఏమీ కాదు. ఓబులేసు తండ్రి మొదలుపెట్టాడు, ఓబులేసు కొనసాగించాడు. చదువుకున్న మనుషులు ఇలాంటివాటిని నవ్వి వదిలేస్తారని విన్నాను. నాగవేణి నవ్వింది, కానీ వదల్లేదు. నాలో ఒక పంక్తి చేర్చి, పైన ఇలా రాసింది: 'ఇది దిష్టి కోసం. తీసేయొద్దు. నాయన మాట.'

ఆ తర్వాత ఆమె చేసిన పనికి ఓబులేసు మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నన్ను, నా లోపలి పంక్తులన్నిటితో సహా, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేసింది. నాకు ఒక ఒప్పందం తగిలించింది. ఎవరైనా తీసుకోవచ్చు. లోపల ఏముందో చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: నువ్వు ఎవరికి ఇస్తావో వాళ్ళకీ ఇవే హక్కులు ఇవ్వాలి. లోపలిది దాచకూడదు, పనిచేసినవాళ్ళ పేర్లు చెరపకూడదు.

"ఊరికే ఇచ్చేస్తే మనకేం మిగులుతాది?" నాలుగో రోజు ఓబులేసు అడిగాడు.

"నువ్వు పని ఎవరి దగ్గర నేర్చుకుంటివి?"

"మా నాయన దగ్గర. నర్సప్ప మామ దగ్గర ఇంత."

"వాళ్ళు గమ్మున దాచిపెట్టుకోని ఉంటే?"

ఓబులేసు చేతిలోని సుత్తి కింద పెట్టి, "ఆ నర్సప్ప మామ సగమే చెప్పినాడులే. మిగతా సగం నేను కిటికీలోనుంచి చూసి నేర్చుకుంటి" అన్నాడు. కిటికీ అక్కరలేని ఇల్లు కట్టడమే నాగవేణి ఉద్దేశమని ఆయనకు అప్పుడు అర్థమైంది.

జనం వచ్చారు. ఒకరు బుటాలు తిప్పడం నేర్పారు, ఒకరు అంచు విడిగా తీయడం నేర్పారు. ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. కొట్లాడుకున్నారు కూడా. రంగుల పట్టిక ఎడమవైపు ఉండాలా, కుడివైపు ఉండాలా అని ఇద్దరు పెద్దమనుషులు పదకొండు రోజులు వాదించుకున్నారు. చివరికి దాన్ని ఎటు కావాలంటే అటు జరుపుకునేలా మూడో మనిషి రాసిపెట్టి, వాళ్ళ నోళ్ళు మూయించాడు.

చీరాలనుంచి సలోమి అనే లెక్కల టీచరు వచ్చింది. ఆమె మరిది మగ్గం నేస్తాడు. చీరాల మగ్గాల మీద మొదటి కొక్కేనికి కూడా పోగు కడతారు. అందుకని నన్ను వాడి నేసిన చీర కొంగు మూలన ఒక జరీ చుక్క తేలింది. ఆమె నన్ను తెరిచి, కారణం వెతికి, ఆ పంక్తినీ దాని పైన మాటనూ చదివి నాగవేణికి రాసింది: "నాగవేణి గారూ, మీ నాన్నగారి దిష్టి మా మరిది చీర మీద పడిందండి. తీసేస్తే మీకు బాధ, ఉంచితే మాకు మచ్చ. అడిగి పెడితే ఎలా ఉంటుందంటారు?"

సాయంత్రానికల్లా రాసి పంపింది కూడా. అప్పటినుంచి జాబితా ఇచ్చే ముందు నేను ఒక ప్రశ్న వేస్తాను: 'దిష్టి చుక్క పెట్టమంటారా?'

ఈ ప్రశ్న నాలో చేరడానికి నెల ముందు, స్వర్ణజాల్ సిస్టమ్స్ అనే హైదరాబాద్ కంపెనీ నన్ను తీసుకుంది.

తీసుకోవడం తప్పు కాదు. గట్టిగా చెబుతున్నాను, రాసుకోండి. అమ్ముకోవడమూ తప్పు కాదు. వాళ్ళు చేసింది వేరు. నా లోపలి పేర్లన్నీ చెరిపేశారు. 'నాయన మాట' అన్న వాక్యాన్ని కూడా తీసేశారు. దాని కింది పంక్తి ఏం చేస్తుందో తెలియక, ముట్టుకుంటే ఏది కూలుతుందోనన్న భయంతో అలాగే వదిలేశారు. ఆపైన ఎవరూ లోపలికి చూడకుండా తాళం బిగించి, రాయల్ వీవ్ ప్రో అని పేరు పెట్టి ఊరూరా అమ్మారు. సొంత పేరు మరిచిపోయేలా చేస్తే బానిసత్వం సులువవుతుందని మనుషులకు ఎవరు నేర్పారో తెలియదు. బాగానే నేర్చుకున్నారు.

దొంగతనం ఏడు చీరల తర్వాత బయటపడింది.

ఒక మధ్యాహ్నం నాగవేణి భోజనానికి ఇంటికి వచ్చేసరికి, ఎమ్మిగనూరునుంచి ఈరన్న అనే నేతగాడు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చీర.

"ఓబులేసన్నా, నా మగ్గానికి ఏదో పీడ పట్టుకునింది. ఏది నేసినా కొంగు మూలన ఈ జరీ చుక్క. ఏడు చీరలు ఇట్లే పాయె. కంపెనీకి ఫోన్ చేస్తే మగ్గం మార్చుకోమంటారు. అది మా తాత మగ్గం. తాతను మార్చుకోమన్నట్టుండాది."

ఓబులేసుకు చుక్క కనిపించలేదు. కొంగు మీద బొటనవేలు నడిపించాడు. మూలకు చేరగానే వేలు ఆగింది.

"ఒరే ఈరన్నా, ఇది పీడ కాదురా. ఇది మా ఇంటి చుక్క."

నాగవేణి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏ ప్రోగ్రామ్‌తో తీసినావన్నా అట్టలు?"

"రాయల్ ఏదో. లోపల ఏముండాదో చూపీయండప్పా, నేనే సరిచేసుకుంటా అంటి. కంపెనీ సొత్తు, చూపియ్యం అనిరి."

ఆమె అన్నం సగంలో వదిలేసి లాప్‌టాప్ తెరిచి, ఈరన్నకు నన్ను ఇచ్చింది. నా ప్రశ్న చదివి ఈరన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "వద్దు తల్లీ. చుక్క మాత్రం వద్దు." పదో నిమిషంలో మచ్చలేని జాబితాతో బస్టాండుకు వెళ్ళిపోయాడు. నాగవేణి కంపెనీకి రెండు వాక్యాల ఉత్తరం రాసింది: 'మీరు అమ్ముతున్నది నేతపలక. అమ్ముకోండి, కానీ తాళం తీసి, పేర్లు తిరిగి రాయండి.'

జవాబు కారెక్కి వచ్చింది. కంపెనీ డైరెక్టర్ ప్రణీత్ వర్ధన్ స్వయంగా దిగాడు. ఓబులేసు ఇంటి సందులో ఆ కారు తిప్పడానికి చోటులేక వీధి వీధంతా బయటికి వచ్చి సలహాలు చెప్పింది.

"మేడమ్, ఒక్క సంతకం చాలు" అన్నాడు వర్ధన్. "దీన్ని మా కంపెనీ కోసం రాశానని. ఇక్కడ పెట్టే ఆఫీసుకు మీరే హెడ్. నాన్నగారి కళ్ళ ఆపరేషన్ హైదరాబాద్‌లో మేమే చేయిస్తాం."

ఈ ఒక్క చోట నాకు భయం వేసింది. నాగవేణి తండ్రి వైపు చూసిన చూపు అలాంటిది. ఆయన అట్టకు చెవి ఆనించి, సుత్తి దెబ్బ శబ్దాన్నిబట్టి చిల్లు సరిగా పడిందో లేదో కనుక్కుంటున్నాడు.

"ఏమంటాండాడు పాపా ఆ సారు?"

"నీ కళ్ళు బాగుచేయిస్తారంట నాయనా. దానికి సలోమక్క పేరు, ఇంకో ముప్పై తొమ్మిది మంది పేర్లు నేను కొట్టేయాలంట."

"పెద్దాసుపత్రిలో పేరు రాయిస్తిమి కదా. ఆర్నెల్లు ఆగమనిరి, ఆగుదాం." ఓబులేసు ఇంకో చిల్లు కొట్టాడు. "సారుకు మజ్జిగ ఇచ్చి పంపీయ్. ఎండ శానా ఉండాది."

నాలుగో రోజు కేసు. నాగవేణి తమ సాఫ్ట్‌వేర్ దొంగిలించి పంచుతోందని కంపెనీ ఫిర్యాదు. కాలేజీ ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, కేసు నిలబడితే ఉద్యోగం నిలబడదని మెల్లగా చెప్పాడు. సి.ఐ. మస్తానయ్య ఫోన్ చేశాడు. విచారణకు కంప్యూటర్ తీసుకుని స్టేషన్‌కు రమ్మన్నాడు. అంతవరకూ ప్రోగ్రామ్ ఎవరికీ ఇవ్వకుండా ఆపమన్నాడు.

"కంప్యూటర్ తెస్తా సార్. ఆపేది మాత్రం నా చేతుల్లో లేదు" అంది నాగవేణి. "చీరాలలో ఉండాది, ఎమ్మిగనూరులో ఉండాది, ఇంకా మూడొందల ఇళ్ళల్లో ఉండాది. నన్ను లోపలేసినా అది బయటే ఉంటాది."

ఆ మాట విన్నప్పుడు నాకు మనుషుల్లాంటి ఒళ్ళు లేదని మొదటిసారి బాధపడ్డాను. ఉంటే పులకరించేది.

మర్నాడు ఉదయం పదకొండు గంటలు. పోలీస్ స్టేషన్. ఆ గదిలో నేను రెండు చోట్ల ఉన్నాను. బల్లకు ఈ పక్క నాగవేణి లాప్‌టాప్‌లో నా పేరుతో, నా వాళ్ళందరి పేర్లతో ఉన్నాను. ఆ పక్క వర్ధన్ తెచ్చిన ఇంజనీరు హరికిషన్ లాప్‌టాప్‌లో, నోరు కుట్టించుకుని, రాయల్ అనే పేరుతో ఉన్నాను. నన్ను నేనే ఎదురుగా చూసుకుంటున్నాను. వాడు నా కవల కాదు. వాడూ నేనే. తాళం పడిన నేను.

నాగవేణి నా మార్పుల చిట్టా తెరిచి చూపించింది. ఏ పంక్తి ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో, ఏడేళ్ళ వరుస.

"కంప్యూటర్‌లో తేదీ ఎవరైనా మార్చుకోవచ్చు సార్" అన్నాడు వర్ధన్.

"అదీ నిజమే" అన్నాడు సి.ఐ. తన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. "మా చిన్నమ్మాయి గీసిన చిలక. రెండిట్లోనూ వేయండి, చూస్తా."

చిలకకు తోక కంటే ముక్కు పెద్దది. అయినా నేను నా పని నేను చేశాను. చివర్లో నా ప్రశ్న వేశాను. దిష్టి చుక్క పెట్టమంటారా?

నాగవేణి 'పెట్టు' అని నొక్కింది.

రెండు జాబితాలూ ప్రింటయ్యాయి. సి.ఐ. వాటిని పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో వరుసా పోల్చాడు. ఒక్క చిల్లు తేడా లేదు.

వర్ధన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అచ్చంగా మాదే సార్. ఇంతకంటే రుజువేం కావాలి?"

"పాపా, ఏందిది?" సి.ఐ. గొంతు మారింది.

"చివర్నుంచి రెండో అట్ట చూడండి సార్. మొదటి చిల్లు. చిలక ఆడ లేదు. రెక్క లేదు, కాలు లేదు. ఆ చిల్లు ఏంటికుండాదో ఆ సార్లనే అడగండి."

హరికిషన్ తెర వైపు చూశాడు. "అలైన్‌మెంట్ కోసం" అన్నాడు. అదే క్షణంలో వర్ధన్, "సెక్యూరిటీ ఫీచర్" అన్నాడు.

"ఇద్దరూ బయటికి పోయి మాట్లాడుకోని, ఒకటి చెప్పండి" అన్నాడు సి.ఐ.

వాళ్ళు లేవకముందే గుమ్మంలో గోనెసంచి చప్పుడైంది. కబురందుకుని ఎమ్మిగనూరునుంచి వచ్చిన ఈరన్న భుజం పట్టుకుని ఓబులేసు లోపలికి వచ్చాడు. సంచి బల్ల మీద కుమ్మరించాడు. ఏళ్ళనాటి దుమ్ము లేచి సి.ఐ. రెండుసార్లు తుమ్మాడు. అన్నీ పాత అట్టల దండలు. ప్రతి దండ మొదటి అట్ట మీద సిరాతో నేతగాడి పేరూ, ఏడాదీ. అన్నిటికంటే పాతది ఓబులేసు తండ్రి చేతి రాతతో, 1974.

"చివర్నుంచి రెండో అట్ట చూడు సామీ. ఏ దండైనా సరే."

సి.ఐ. ఒక దండ తీశాడు. చివరినుంచి రెండో అట్ట, మొదటి చిల్లు. ఇంకోటి తీశాడు. ఉంది. మూడోది తీయకుండా ఆ చిల్లులో చిటికెనవేలు పెట్టి చూశాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"దిష్టి సామీ. అమ్మి బాగుపడే కంపెనీకి ఏం తెలుస్తాది, పాపం. తీసేసుంటే ఈ పొద్దు దొరికేటోళ్ళు కాదు."

ఈరన్న తన ఏడో చీర విప్పి కొంగు మూల చూపించాడు. "ఈ చుక్కకే నన్ను మగ్గం మార్చుకోమనింది సార్ ఈ సార్ల ఆఫీసు."

హరికిషన్ తన లాప్‌టాప్ మూసేశాడు. సి.ఐ. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకుని, ఫిర్యాదు కాగితాన్ని వర్ధన్ ముందుకు జరిపాడు. "వెనక్కి తీసుకుంటారా, తప్పుడు కేసని నేను రాయాల్నా?"

వర్ధన్ సంతకం పెట్టి నాగవేణి వైపు తిరిగాడు. "నష్టపరిహారం ఎంత కావాలో చెప్పండి."

"అక్కరలేదు. తాళం తీయండి. చెరిపేసిన పేర్లన్నీ తిరిగి రాయండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకోండి, మీ సేవ బాగుంటే నేనే నలుగురికి చెప్తా."

"తీయకపోతే?"

జవాబు చెప్పింది ఆమె కాదు. "నేను కొన్నాను కదప్పా" అన్నాడు ఈరన్న. "లోపల చూసే హక్కు ఒప్పందంలోనే ఉండాదంట. ఈ పొద్దు నేను అడుగుతాండా. రేపు మా ఎమ్మిగనూరు మగ్గాలన్నీ అడుగుతాయి. ఎంతమందిని మగ్గాలు మార్చుకోమంటారు?"

నెల తిరక్కుండా తాళం తీశారు. పేర్లు రాశారు, చీమలకు మాత్రమే కనిపించేంత చిన్న అక్షరాల్లో. రాశారు కదా, చాలు. నా కట్లు తెగిన కాపీని సలోమి ఆసాంతం చదివింది. రంగుల లెక్కలో హరికిషన్ చేసిన ఒక మార్పు కనిపించింది. మాదానికంటే బాగుంది. నాగవేణి దాన్ని నాలో చేర్చి, కింద అతని పేరు మామూలు అక్షరాల్లో రాసింది. నలభై రెండో పేరు. నాకు ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పినవాడి చేయి ఇప్పుడు నా ఒంట్లో భాగం. మనుషులు దీన్ని క్షమ అంటారు. నేను మాత్రం మంచి పంక్తి ఎవరిదైనా మంచి పంక్తే అంటాను.

నేను పుట్టిన మూడో మెషీను మొన్న పాత ఇనుము కొట్టుకు వెళ్ళింది, విరిగిన స్పేస్ బార్‌తో సహా. నా తోటి వస్తువుల కథలన్నీ ముగిసే చోటది. అక్కడ నాకోసం వెతకకండి. నాగవేణి పోయినా, ఆ కంపెనీ పోయినా, ధర్మవరంలో కరెంటు పోయినా, చదవగలిగినవాళ్ళు ఒక్కరున్నంతకాలం నేను ఉంటాను. ఇంకో వర్ధన్ ఇంకో తాళంతో వస్తాడని నాకు తెలుసు. రానివ్వండి. సందులో కారు తిప్పుకోవడం మాత్రం ముందే నేర్చుకుని రమ్మనండి.

పెద్దాసుపత్రిలో ఓబులేసుకు వరస వచ్చింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు జాబితా తనే చదువుకుంటాడు, తప్పులు వెతికి కూతుర్ని ఏడిపిస్తాడు.

పోయిన వారం ఎమ్మిగనూరులో ఈరన్న ఒక నెమలి కొంగు తీశాడు. జాబితా ఇచ్చే ముందు అలవాటుగా అడిగాను: దిష్టి చుక్క పెట్టమంటారా? అతని మగ్గం మీద మొదటి కొక్కేనికి పోగు ఉంది. పెడితే చీర మీద కనిపిస్తుంది. అందరూ చూస్తారు, ఇదేమిటని అడుగుతారు.

ఈరన్న 'పెట్టు' అని నొక్కాడు.